జింకపిల్లకు కాపలా

కరోనా వచ్చిన ఏడాది, అబుదాబీలో నేను వంట చేసే ఇంటివాళ్లు పిల్లాపాపలతో సహా మజ్రాకు మకాం మార్చారు. మజ్రా అంటే వాళ్ల తోట. బనియాస్ దాటాక అల్ ఐన్ రోడ్డు మీద చాలా దూరం పోయి, ఒక పెట్రోలు బంకు పక్కనుంచి ఇసుకదారి పట్టాలి. ఖర్జూరపు చెట్లు, పశువుల గడ్డి పెంచే రెండు మళ్లు, మేకల దొడ్డి, పాత ఇల్లు ఒకటి, చుట్టూ జాలీ కంచె. కంచె అవతల ఎప్పుడో నాటిన, మన జమ్మిచెట్టు లాంటి గాఫ్ చెట్ల అడవి, అది దాటితే ఇసుకే. రోగభయం తగ్గాక అందరూ పట్నం వెళ్లిపోయారు. పెద్దాయన మాత్రం రానన్నాడు. ఆయన్ని మేము బాబా అనేవాళ్లం, అక్కడి ఇళ్లలో పనివాళ్లు యజమానిని అలాగే పిలుస్తారు. భార్య పోయినప్పటినుంచి ఆయనకు పట్నంలో ఊపిరాడేది కాదు. ఆయనకు వండిపెట్టడానికి నన్ను అక్కడే ఉంచేశారు.

మాది కడప జిల్లా. దుబాయ్ పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. మా వైపు గల్ఫు మొత్తాన్నీ దుబాయ్ అనే అంటారు. అన్నేళ్లూ నాలుగు గోడల మధ్య పనే చేశాను. ఆకాశం కింద పనిచేయడం అదే మొదలు. మేకలు చూసే ఆయనది జగిత్యాల దగ్గర ఒక పల్లె. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఇద్దరిదీ తెలుగే అయినా మొదట్లో ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. మిగతా సగం హిందీలో చెప్పుకునేవాళ్లం.

ఆ తోటలో ఒక ఆడకుక్క ఉండేది. ఇసుక రంగు, వెడల్పాటి ఛాతీ. దాని తల్లి రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు కింద పడి చచ్చిపోతే, ఇంకా కళ్లు తెరవని కూనను అన్న చొక్కాలో వేసుకొచ్చి, అప్పుడే ఈనిన మేక దగ్గర పడుకోబెట్టాడట. మేక మొదట తన్నిందట, తర్వాత ఊరుకుందట. అలా మేకపాలు తాగి, మేకపిల్లల మధ్య పెరిగింది. పెద్ద మేకలను అది పట్టించుకునేది కాదు. పిల్లలంటేనే దానికి ప్రాణం. మేక ఈనితే మాయ పడకముందే వచ్చి పిల్లను నాకేది. ఒకరోజు పొద్దున్నే దొడ్డిలో నక్క దూరింది. కుక్క దాన్ని నడుము దగ్గర పట్టుకుని విరిచేసింది. నక్క చచ్చిపోయిన తర్వాత కూడా వదలకుండా అటూ ఇటూ విదిలిస్తూనే ఉంది. అన్న పోయి నోట్లోంచి లాగేశాక, మూతినిండా నెత్తురుతో వెనక్కి వచ్చి మేకపిల్లల మధ్య పడుకుంది. అవి దాని మీదెక్కి గంతులేశాయి. నేను నమాజు చదువుకునేదాన్ని, కుక్క ఎంగిలి తగిలితే మళ్లీ కడుక్కోవాలి. అందుకని ముందునుంచీ దానికి దూరంగా ఉండేదాన్ని. నక్కను చూశాక ఇంకా దూరం జరిగాను.

మరుసటి ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో, పొద్దున చాయ్‌లోకి పుదీనా కోయడానికి గడ్డిమడి వైపు పోయాను. గాలికి ఇసుక కొట్టుకుపోయి కంచె కింద అక్కడక్కడా సందులు పడేవి. ఆ సందుల్లోంచి అడవిజింకలు దూరి వచ్చి గడ్డి తిని పోతుండేవి. ఆ రోజు గడ్డిలో కుక్క పడుకుని ఉంది. దాని ముందుకాళ్ల మధ్య చెప్పులజోడంత జింకపిల్ల. ఇంకా తడి ఆరలేదు. కుక్క దాన్ని నాకుతోంది.

"అన్నా, యాడుండావు? బిర్నా రా. కుక్క జింకపిల్లను తింటాంది," అని కేకేశాను.

అన్న పరుగెత్తుకొచ్చి చూసి, నా చేయి పట్టి వెనక్కి లాగాడు. "తింటలేదు చెల్లె. మేకపిల్ల అనుకుంటున్నది. నువ్వు దగ్గరికి పోకు."

మడి అవతలి కొసన తల్లిజింక నిలబడి ఉంది. సన్నటి కొమ్ములు, తెల్లటి మొహం. ముందుకాలితో నేలను కొడుతూ ముక్కుతో బుస్సుమంటోంది. ఒక్కో అడుగూ వేస్తూ దగ్గరికి వచ్చింది. కుక్క లేచి ఒక్క ఉరుకు ఉరికితే పారిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. కుక్క మళ్లీ తరిమింది.

బాబా చేతికర్రతో వచ్చి చూసి, "కుక్కను కట్టేయండి. తల్లి వచ్చి పాలిచ్చుకుంటుంది. పిల్లను ఎవరూ ముట్టొద్దు, మనిషి వాసన తగిలితే తల్లి రాదు," అన్నాడు.

అన్న దాన్ని తాడుతో గుంజకు కట్టేశాడు. మధ్యాహ్నానికి కుక్క తాడు కొరికేసి మళ్లీ పిల్ల దగ్గరికి చేరింది. సరిగ్గా అప్పుడే తల్లి వచ్చింది. పొదుగు నిండి బిగుసుకుపోయి ఉంది, నడక కష్టంగా ఉంది. ఈసారి అది భయపడి ఆగలేదు, తల వంచి నేరుగా కుక్క మీదికే వచ్చింది. కొమ్ము కుక్క భుజంలో దిగింది. కుక్క అరవలేదు. ఎగిరి దాని మెడ అందుకోబోయింది. జింక తప్పించుకుని పరుగు తీసింది. తాను వచ్చిన సందు వైపు కాకుండా కంచెకు ఎదురుగా పోయింది. ఆ వేగంతో పోయి జాలీకి గుద్దుకుంది. ఒక కొమ్ము తీగల్లో ఇరుక్కుంది. ముందుకాళ్లు రెండూ జాలీలోకి దిగబడ్డాయి. విడిపించుకోవాలని మెలికలు తిరుగుతుంటే ఎముక విరిగిన చప్పుడు ఇటు వంటింటి గడప దగ్గర నిలబడ్డ నాకు వినిపించింది. ఎముక తోలు చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. అయినా అది మెలికలు తిరగడం మానలేదు.

కుక్క ఆ తల్లిని మళ్లీ కరవలేదు. ఒకసారి చూసి, కుంటుకుంటూ వెనక్కి పోయి పిల్లను చుట్టుకుని పడుకుంది.

బాబా కత్తి తెచ్చాడు. అన్న జింక తల పట్టుకున్నాడు. బిస్మిల్లా అని గొంతు కోస్తే నెత్తురూ పొదుగులోంచి పాలూ ఒకేసారి కారాయి. రెంటినీ ఇసుక పీల్చేసుకుంది.

"మాంసం పారేస్తే హరామ్. వండు," అన్నాడు బాబా నాతో.

నేను పనిమనిషిని. వండాను. బియ్యం, ఎండునిమ్మకాయలు వేసి, ఆయన తినే పద్ధతిలోనే చేశాను. ఉడుకుతుంటే కిటికీలోంచి గడ్డిమడి కనిపిస్తోంది. నేను ముద్ద నోట పెట్టుకోలేకపోయాను. అన్న కూడా రొట్టె, ఉల్లిగడ్డ తిని లేచాడు. నేను ఎముకలు తీసుకుపోయి కంచె మూలన పోసి వస్తే, కుక్క ఒకదాన్ని నోట కరుచుకుని పోయి, పిల్ల పక్కనే పడుకుని కొరకడం మొదలుపెట్టింది. పిల్ల దాని డొక్కకు ఆనుకుని నిద్రపోతోంది. నేను వంటింటి కిటికీ మూసేశాను.

మర్నాటికి పిల్ల పుట్టి రోజు దాటింది, ఇంకా చుక్క పాలు తాగలేదు. ఆకలికి అది కుక్క పొట్ట కింద దూరి, పాలు లేని ఆ రొమ్ముల్నే చీకుతోంది. కుక్క కదలకుండా పడుకుంది. అక్కడి తోలు ఊడి ఎర్రగా అయింది. అన్న ఒక్కడే దాని దగ్గరికి పోగలడు. ఆ పొద్దున ఆయన దాణా కోసం పికప్ తీసుకుని బనియాస్ పోయాడు. వచ్చాక తానే పిల్లకు పాలు పడతానని, అందాకా ఆగమని చెప్పే పోయాడు. పిల్ల అరుపు సన్నగా తగ్గిపోతుంటే నేను ఆగలేకపోయాను. బాబా మనవడు వదిలిపోయిన పాలసీసాలో మేకపాలు పోసి తీసుకుపోయాను. కుక్క గుర్రుమంది. "ఊకుండు, నీ బిడ్డకే," అంటూ చేయి చాపి పిల్లను అందుకున్నాను.

ఎప్పుడు లేచిందో చూడలేదు. నా మోచేతి కింద దాని పళ్లు ఎముక దాకా దిగాయి. పట్టిన పట్టు వదల్లేదు. నక్కను విదిలించినట్టు నా చేయి విదిలిస్తోంది. ఆ విసురుకు నేను బోర్లా పడ్డాను. రెండో చేతిలోని సీసాతో దాని తల మీద కొట్టాను. అది నన్ను చూడటం లేదు. కళ్లు పిల్ల మీదే ఉన్నాయి. బాబా వచ్చి తన కర్రతో దాని వెన్ను మీద కొట్టాడు, కర్ర విరిగేదాకా కొట్టాడు. విరిగిన ముక్క దవడల మధ్య దూర్చి తిప్పితేగాని అది నోరు తెరవలేదు.

ఆయనే బండి నడుపుతూ నన్ను బనియాస్‌లో ఆస్పత్రికి తీసుకుపోయాడు. నా చేతికి ఆయన తలగుడ్డ చుట్టాం, అది తడిసి ఆయన తొడుక్కున్న పొడుగు తెల్లంగీ, కందూరా, ఒడినిండా నెత్తురైంది. కుట్లు వేశారు, సూదులు వేశారు. రెండు వేళ్లు ఇకముందు పూర్తిగా ముడుచుకోవని డాక్టరు చెప్పాడు. వెనక్కి వస్తుంటే బాబా రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, "ఖలాస్. మనిషిని కరిచిన కుక్క నా తోటలో ఉండదు," అన్నాడు.

మేము దిగేసరికి అన్న దొడ్డి ముందు నిలబడి ఉన్నాడు. వెనక కుక్క, మెడకు లారీలకు కట్టే గొలుసు. ఆయన తన హిందీలో బాబాను బతిమాలుకున్నాడు. గొలుసు తీయనని, మళ్లీ ఎవరిని కరిచినా తన చేతుల్తో తానే చంపుతానని చెప్పాడు. అన్న నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "చెల్లె, నీ చెయ్యి జూస్తే తప్పు నాదే అనిపిస్తున్నది. కని దాన్ని నేను చొక్కల ఏస్కొచ్చిన. అది పోతే నేను ఈడ ఉండలేను."

"కరిచింది నిన్ను. నువ్వు చెప్పు," అన్నాడు బాబా నాతో.

నాకు దాని మీద జాలి లేదు. చేయి మంటలో పెట్టినట్టుంది. అదే నిమిషంలో దాన్ని చంపేస్తే సంతోషించేదాన్ని. కానీ కుక్క పోతే అన్న పోతాడు, అన్న పోతే ఆ ఇసుకలో మాట్లాడటానికి నాకు మనిషి ఉండడు. అది ఆలోచించే, "చంపొద్దు బాబా, గొలుసుతోనే ఉండనీ," అన్నాను. అన్న నా దయ అనుకున్నాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు అలాగే అన్నాడు. నేను కాదనలేదు.

పిల్లకు మేకపాలు అలవాటయ్యాయి. అన్న పట్టుకుంటే నేను ఎడమచేత్తో సీసా పట్టేదాన్ని. మగపిల్ల. కొన్నాళ్లకు నా వెంట వంటింటి గడప దాకా వచ్చి, గిన్నెల చప్పుడు వింటూ నిలబడేది. కానీ నిద్ర మాత్రం కుక్క దగ్గరే. గొలుసు సాగినంత మేర దానిదే రాజ్యం. పిల్ల దాని వీపెక్కేది, చెవి కొరికేది, మొలుస్తున్న కొమ్ములతో పొట్టలో పొడిచేది. కుక్క కళ్లు మూసుకుని భరించేది. నేను అటు పోతే మాత్రం పెదవి పైకి లేచేది.

ఒక శుక్రవారం బాబా స్నేహితుడు వేటకుక్కతో వచ్చాడు. బక్కపలచటి సలూకీ. బండి దిగగానే పిల్ల నేరుగా దాని దగ్గరికి పోయి మూతి చాచింది. ఆయన మెడపట్టీ రెండు చేతులా పట్టి లాగకపోతే అక్కడే అయిపోయేది. పిల్ల ఏమీ తెలియనట్టు తోక ఊపుతూ నిలబడింది.

"దీనికి భయం తెల్వదు చెల్లె. కుక్కలన్నీ తల్లులే అనుకుంటున్నది," అన్నాడు అన్న.

కరోనా రోజుల్లో ఉద్యోగాలు పోయి తమ తమ దేశాలకు వెళ్లిపోయినవాళ్లు కొందరు తాము పెంచుకున్న కుక్కలను ఆ ఇసుకలో వదిలిపోయారు. అవి ఊరకుక్కలతో కలిసి మందలయ్యాయి. చుట్టుపక్కల తోటల్లో గొర్రెలు పోయాయని వింటూ ఉండేవాళ్లం. ఎండలు తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే అవి మా తోటకు వచ్చాయి. బాబా డాక్టరుకు చూపించుకోవడానికి పట్నం పోయాడు. అన్న తొట్టిలో నీళ్లు నింపుతున్నాడు. నేను బట్టలు తీస్తున్నాను. దొడ్డి వెనక కంచె కింద ఒకదాని తర్వాత ఒకటి దూరాయి. మొదట మేకల అరుపు వినిపించింది. నేను చూసేసరికి ఒక మేక పేగులు ఈడ్చుకుంటూ నడుస్తోంది, తన వెనక ఏం వస్తోందో తెలియనట్టు.

మేకలన్నీ ఒక మూలకు పోయి గుట్టగా పడ్డాయి. జింకపిల్ల మాత్రం ఆ కుక్కలకు ఎదురుపోయింది. మెడ చాచి, తోక ఊపుతూ పోయింది. ముందున్న కుక్క మెడలో ఇంకా ఎర్రటి పట్టీ ఉంది. అది పిల్లను వాసన చూసింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. పక్కనుంచి నల్ల కుక్క ఒకటి వచ్చి పిల్ల తొడను పట్టుకుని లాగింది. తోలు గుడ్డలా చిరిగింది. పిల్ల అరిచింది. అలాంటి అరుపు జింకకు ఉంటుందని నాకు తెలియదు. మనిషిబిడ్డ అరుపే అది.

మా కుక్క గొలుసు కొస దాకా ఉరుకుతోంది, వెనక్కి విసిరినట్టు పడుతోంది, మళ్లీ ఉరుకుతోంది. మెడ కోసుకుపోయి నెత్తురు కారుతోంది. అన్న పార తీసుకుని దొడ్డిలోకి దూకాడు. గొలుసు కొక్కెం దగ్గర నేనే ఉన్నాను. గొలుసు బిగుతుగా ఉంటే కొక్కెం ఊడదు. కుక్కను వెనక్కి లాగాలి. నేను మోకాళ్ల మీద కూర్చుని, కరిచిన ఆ కుక్కనే మెడ చుట్టూ చేయి వేసి నా ఛాతీకి అదుముకున్నాను. దాని నోరు నా చెంపకు తగులుతోంది. వేడిగా, పచ్చి నెత్తురు వాసన. ముడుచుకోని వేళ్లతో కొక్కెం రెండుసార్లు జారింది. మూడోసారి ఊడింది.

అది మొరగలేదు. పోయి నల్లదాని గొంతు పట్టుకుంది. రెండూ కింద పడ్డాయి. మిగతావి దీని మీద పడ్డాయి. ఒకటి డొక్క, ఒకటి వెనకకాలు, ఒకటి మొహం పట్టాయి. అన్న పార తిప్పి కొడుతుంటే పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు. నేను ఖర్జూరపు మట్ట అందుకున్నాను. దాని మొదట్లో వేలంత ముళ్లుంటాయి. దొరికినదాన్నల్లా దొరికిన చోట కొట్టాను. ఒకటి నా బట్ట పట్టుకుని లాగితే దాని కళ్ల మీద కొట్టాను. అవి చెదిరి కంచె వైపు పరుగెత్తాయి. ఎర్ర పట్టీది కాళ్లు పడిపోయి అక్కడే ఉంది. నేను దాన్ని కొడుతూనే ఉన్నాను. అన్న వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"చాలు చెల్లె. అది సచ్చింది."

వంగి చూస్తే దాని గోళ్లు కత్తిరించి ఉన్నాయి. ఎవరో ఈమధ్యదాకా ఒళ్లో కూర్చోబెట్టుకుని కత్తిరిస్తూ ఉండి ఉంటారు. అప్పుడు మట్ట కింద పడేశాను. అక్కడే కూర్చుండిపోయాను.

నల్లది చచ్చిపోయింది. మా కుక్కకు ఒక కన్ను లేదు, డొక్క చీలి పక్కటెముకలు కనిపిస్తున్నాయి. అయినా లేచి పిల్ల వైపు నడిచింది. పిల్ల కంచె వారన పడి ఉంది. కుక్క నాలుక చాచి దగ్గరికి రాగానే, చీలిన తొడతో మూడు కాళ్ల మీద లేచి పరుగు తీసింది. కంచెకు గుద్దుకుని పడింది. లేచి మళ్లీ గుద్దుకుంది. కుక్క ఒక అడుగు వేస్తే అది అరుస్తోంది. అన్న తన తువ్వాలు విప్పి పిల్ల తల మీద వేసి, దాన్ని పొట్ట కింద అదిమి పడుకున్నాడు. అక్కడినుంచే కుక్కకు చెప్పాడు: "పో బిడ్డా. జర దూరం పో. నువ్వు పోతేనే అది బతుకుతది."

కుక్క పోలేదు. అక్కడే కూర్చుంది.

పశువుల డాక్టరు వచ్చి రెంటికీ కుట్లు వేశాడు. చచ్చిన కుక్కలను, మేకలను అన్న మర్నాడు దూరంగా గుంట తీసి పూడ్చాడు. బాబా వచ్చి ఆ గుంటను, నా చేతులను, గొలుసును చూశాడు. గొలుసు మళ్లీ వేయమని ఆయన అనలేదు, మేమూ వేయలేదు.

పిల్లను వంటింటి పక్క సామాన్ల గదిలో పెట్టి పెంచాం. కుక్క తలుపు బయట పడుకునేది. గాలి దాని వాసన లోపలికి మోసుకొస్తే పిల్ల మూలకు పోయి వణికేది. పాలు తాగుతూ తాగుతూ సీసా వదిలేసేది. కుక్క తలుపు గీకేది. నేను లోపల పిల్లను పట్టుకుని, దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటుంటే, బయట ఆ గీకుడు వింటూ కూర్చునేదాన్ని. ఆ కుక్క కోసం నేను ఏడ్చింది అప్పుడే.

చలికాలానికి కాలు గట్టిపడింది, కొద్దిగా ఈడ్చేది అంతే. బాబా దాని కొమ్ములు తడిమి, "దీన్ని వదిలేద్దాం. ఇప్పుడు భయపడటం వచ్చింది," అన్నాడు. అన్న కుక్కను పికప్‌లో ఎక్కించుకుని దూరంగా తీసుకుపోయాక, నేనూ బాబా కంచె తలుపు తెరిచాం. జింక గాఫ్ చెట్ల దాకా నడిచింది, అక్కడినుంచి పరుగు తీసింది. కాసేపటికి చెట్ల మధ్య ఇసుకలో కలిసిపోయి కనిపించలేదు. కుక్క తిరిగొచ్చి తలుపు తెరిచి ఉన్న గదిని వాసన చూసి, కంచె దాకా పోయి, చీకటి పడేదాకా అక్కడ నేల తవ్వింది. చాలా రోజులు అలాగే తవ్వింది. అన్న రోజూ పొద్దున ఆ గుంట పూడ్చేవాడు.

తర్వాత మేకలు ఈనాయి. మొదటి పిల్ల కింద పడగానే కుక్క వచ్చి, ఉన్న ఒక్క కన్నూ దాని మీద పెట్టి, తలనుంచి కాళ్లదాకా నాకింది. నేను నీళ్ల గిన్నె పట్టుకుని పోతే పళ్లు చూపించింది. గిన్నె అక్కడే నేల మీద పెట్టి, వెనక్కి వచ్చేశాను.